రాత్రి డ్యూటీలో యూరిన్ తగ్గితే: ముందు ఏం చూడాలి, ఎప్పుడు ఫోన్ చేయాలి

ప్రశ్న: నేను చిత్తూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) అయి రెండేళ్లయింది. రాత్రిపూట రెండు వార్డులకు కలిపి ఇద్దరం సిస్టర్లం, ఒక డ్యూటీ డాక్టరు. పోయిన నెల పేగు ఆపరేషన్ అయిన ఒక పెద్దాయనకు రాత్రి 12 నుంచి యూరిన్ బాగా తగ్గింది. బీపీ 100 పైనే ఉంది కదా, తెల్లారితే రౌండ్స్‌కు వస్తారు కదా అని చార్టులో రాసి ఊరుకున్నాను. పొద్దునకు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరిగింది. సర్జన్ గారు అందరి ముందర కోప్పడ్డారు. అదే వారం డయాలసిస్ ఎగ్గొట్టిన ఒకతను కాళ్లల్లో సత్తువ లేదని వచ్చాడు. నేను సెలైన్ పెట్టబోతుంటే సీనియర్ సిస్టర్ ఆపింది. చదివింది గుర్తుంది గానీ ఆ సమయానికి ఏది ముందో తేలడం లేదు. డాక్టరు వచ్చేలోపు నేను ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు?
– ఒక సిస్టర్, చిత్తూరు

సమాధానం:

సిస్టర్ గారూ, చిక్కంతా ‘బీపీ 100 పైనే ఉంది కదా’ అనుకోవడం దగ్గరే వచ్చింది. ఆ పెద్దాయన ఆసుపత్రిలో చేరిన రోజు బీపీ ఎంత ఉందో కేస్‌షీట్‌లో తిరగేసి చూడండి. ఏళ్ల తరబడి 150, 160కి అలవాటుపడిన మనిషికి 100 అంటే మన కంటికి నార్మల్‌గా కనబడుతుంది, ఆయన కిడ్నీలకు మాత్రం అది లో బీపీయే.

గుండె పంపే రక్తంలో అయిదోవంతు పైగా, అంటే నిమిషానికి లీటరుకు పైనే, ఈ రెండు కిడ్నీలకే పోతుంది. అందులోంచి నిమిషానికి సుమారు 125 మి.లీ. వడపోత జరుగుతుంది. రోజు మొత్తానికి లెక్కేస్తే 180 లీటర్లు. దాంట్లో 99 శాతం మళ్లీ రక్తంలోకే వెళ్లిపోయి, ఒకటిన్నర లీటరు చొప్పున బయటికి వస్తుంది. ఒంట్లో నీళ్లో రక్తమో తగ్గిందని తెలియగానే శరీరం మొదట చేసే పని యూరిన్ తగ్గించుకోవడం. చెరువులో నీళ్లు తగ్గితే ముందు తూము దించినట్టే. గుండె వేగం పెంచి, రక్తనాళాలు బిగించి బీపీని మరికొంతసేపు నిలబెట్టుకుంటుంది. అందుకే బీపీ పడిపోవడానికి గంటల ముందే యూరిన్ తగ్గుతుంది. బీపీ పడేదాకా ఆగితే మనకు దొరికిన ఆ గంటలు చేజారిపోతాయి.

గుర్తుపెట్టుకోవలసిన లెక్క ఒకటే. కిలో బరువుకు గంటకు 0.5 మి.లీ. అరవై కిలోల మనిషికి గంటకు 30 మి.లీ. ఇంతకంటే తక్కువ వరుసగా ఆరు గంటలు వస్తే, క్రియాటినిన్ ఎంతున్నా సరే, అంతర్జాతీయ నిర్వచనం ప్రకారం అది కిడ్నీ దెబ్బతినడంలో మొదటి మెట్టు. పన్నెండు గంటలు సాగితే రెండో మెట్టు. పన్నెండు గంటలపాటు చుక్క కూడా రాకపోతే మూడోది. మనం ఆరు గంటలు ఆగే పని లేదు. వరుసగా రెండు గంటలు 30 కంటే తక్కువ వస్తే అది ఫోన్ చేయాల్సిన విషయం. ఒక్క గంటలోనే చటుక్కున సున్నా అయితే ఆ రెండు గంటలు కూడా ఆగొద్దు, ఎక్కువసార్లు అక్కడ మూత్రాశయంలో వేసిన గొట్టమే (కాథెటర్) మూసుకుపోయి ఉంటుంది.

క్రియాటినిన్ రిపోర్టు కోసం ఎదురుచూడటం చాలా వార్డుల్లో ఉన్న అలవాటు. కిడ్నీ పని ఆగిపోయిన క్షణాన క్రియాటినిన్ ఏమీ మారదు, రక్తంలో పేరుకుంటూ పోయి ఒకటి రెండు రోజులకు గానీ పూర్తిగా పైకి కనబడదు. ఇంకో మోసం కూడా ఉంది. కండలేని సన్నటి ముసలమ్మకు మామూలుగా 0.5 ఉండేది 1.0 అయితే ల్యాబ్ వాళ్లు పక్కన నక్షత్రం గుర్తు కూడా పెట్టరు, నార్మల్ రేంజిలోనే ఉంటుంది. వాస్తవంలో ఆమె కిడ్నీ పని సగానికి పడిపోయింది. 48 గంటల్లో 0.3 పెరిగినా లెక్కలోకి వస్తుంది. కాబట్టి రిపోర్టు వచ్చినప్పుడు పాత రిపోర్టు పక్కన పెట్టి చదవండి.

ఇక కొలత. మామూలు యూరోబ్యాగ్ మీదున్న గీతలు వంద మి.లీ.లకు ఒకటి చొప్పున ఉంటాయి. బ్యాగ్ ఒంగితే, మడతపడితే అవి యాభై మి.లీ. అటూ ఇటూ అబద్ధం చెబుతాయి. గంట గంటకు చూడాల్సిన పేషెంటుకు చిన్న గది ఉన్న యూరోమీటర్ బ్యాగ్ అడగండి. అది లేకపోతే గంట కొట్టగానే కొలజగ్గులోకి ఒంపి కొలవండి. ‘యూరిన్ పాస్డ్’ అని టిక్కు పెట్టడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. వార్డులో ఒక పేషెంటుకు ఒక జగ్గు అని నియమం పెట్టుకోండి, ఒకరి క్రిములు ఒకరికి పోవడానికి ఆ జగ్గే పెద్ద దారి.

తగ్గిందని తేలాక వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న: తయారైనది బయటికి రావడం లేదా, అసలు తయారే కావడం లేదా?

మంచం పక్కన నిలబడి పై నుంచి కింది దాకా గొట్టాన్ని వేలితో తడుముకుంటూ రండి. తొడ కింద నలిగిందా, మంచం కడ్డీకి ఇరుక్కుందా, క్లాంప్ వేసి తీయడం మరిచారా, బ్యాగ్ మంచం మీద పెట్టేశారా? గొట్టం ఊయలలా కిందికి వేలాడి మళ్లీ పైకి లేచి ఉంటే, ఆ వంపులో నిలిచిన యూరిన్ వెనక్కి ఒత్తిడి పెట్టి పారనివ్వదు. తర్వాత బొడ్డు కింద చెయ్యి వేసి చూడండి. గట్టిగా, గుండ్రంగా తగిలి, వేలితో తడితే మొద్దు శబ్దం వస్తే మూత్రాశయం నిండి ఉంది. గొట్టం ఉన్నా నిండిందంటే రక్తపు గడ్డో మడ్డో అడ్డుపడింది. స్టెరైల్ పద్ధతిలో పెద్ద నాజిల్ ఉన్న 50 మి.లీ. సిరంజితో నార్మల్ సెలైన్ మెల్లగా ఎక్కించి తిరిగి లాగాలి. ఎక్కించింది తిరిగి రాకపోతే ఇంకా ఇంకా ఎక్కించొద్దు. ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత మూడుదారుల గొట్టం ఉన్నవాళ్లలో ఇది తరచూ జరుగుతుంది. బయటికి రావడం ఆగింది అనగానే ముందు లోపలికి పోయే ఇరిగేషన్‌ను (మూత్రాశయం కడగడానికి ఎక్కించే సెలైన్‌ను) ఆపేయాలి. అది మరిచిపోతే మూత్రాశయం ఉబ్బి, నొప్పితో మనిషి మెలికలు తిరిగిపోతాడు. వాళ్లకు యూరిన్ లెక్క కూడా వేరు, బ్యాగ్‌లోకి వచ్చిన దాంట్లోంచి ఎక్కించిన సెలైన్ తీసేస్తేనే అసలు యూరిన్ ఎంతో తెలుస్తుంది.

గొట్టం లేని పేషెంటు ఇంకా మోసం చేస్తాడు. వెన్నుకు మత్తిచ్చి హెర్నియా, పైల్స్ ఆపరేషన్లు చేసినవాళ్లు, ప్రోస్టేట్ పెరిగిన తాతలు ‘ఒంటేలు కొంచెం కొంచెం పోతానే ఉండాది సిస్టర్’ అంటారు. నిండి పొర్లిపోతున్న యూరిన్ కూడా అట్లాగే చుక్కలు చుక్కలుగా పోతుంది. ఆపరేషన్ తర్వాత ఆరు గంటలైనా సరిగ్గా పోలేదంటే పొట్ట తడిమి చూడకుండా ‘పోయాడు’ అని రాయొద్దు.

గొట్టం వేయాల్సి వస్తే మగవాళ్లకు 14 లేదా 16 సైజు చాలు. తిమ్మిరెక్కించే లిగ్నోకైన్ జెల్లీ 10 మి.లీ. లోపలికి పోనిచ్చి రెండు మూడు నిమిషాలైనా ఆగండి. జెల్లీ పూసిన వెంటనే తోయడం వల్లే సగం నొప్పి. గొట్టం రెండు కొమ్మలుగా చీలే చోటు దాకా పూర్తిగా లోపలికి పంపాలి, యూరిన్ కనబడాలి, అప్పుడే గొట్టాన్ని లోపల నిలిపే బెలూన్‌ను నింపాలి. యూరిన్ చుక్క పడగానే సంబరపడి అక్కడే బెలూన్ నింపితే అది ప్రోస్టేట్ దగ్గర మూత్రనాళంలోనే ఉబ్బి చీల్చేస్తుంది. నింపేటప్పుడు పేషెంటు అరిచాడంటే ఆపి ఖాళీ చేయండి. బెలూన్‌లో స్టెరైల్ వాటరే పోయండి, సెలైన్ అయితే లోపల ఉప్పు గడ్డకట్టి తీసేనాడు బెలూన్ దిగకపోవచ్చు. పని అయ్యాక వెనక్కి లాగిన ముందు చర్మాన్ని మళ్లీ యథాస్థానానికి తేవడం మరవొద్దు. ఆడవాళ్లలో గొట్టం పొరపాటున యోనిలోకి పోతే దాన్ని గుర్తుగా అక్కడే ఉంచి, కొత్త గొట్టంతో దానికి పైనున్న ద్వారంలో ప్రయత్నించాలి. యాక్సిడెంట్‌లో కటి ఎముక (పెల్విస్) విరిగి, మూత్రద్వారం దగ్గర రక్తం కనబడితే మాత్రం గొట్టం జోలికి పోవద్దు, అది సర్జన్ పని.

మూత్రాశయం నిండిపోయినవాళ్లకు లీటరు దాకా ఒక్కసారే రావచ్చు. మధ్య మధ్యలో క్లాంప్ వేసి ఆపాలని పాతవాళ్లు నేర్పేవాళ్లు, దానివల్ల మేలు ఉన్నట్టు తేలలేదు. ఒకేసారి ఖాళీ చేయొచ్చు, బీపీ చూస్తూ ఉండాలి, కొంచెం రక్తం కలిసి వచ్చినా బెదరక్కర్లేదు. తర్వాత జరిగేదే ముఖ్యం. చాలా రోజులుగా అడ్డుపడి క్రియాటినిన్ పెరిగినవాళ్లకు అడ్డు తొలగ్గానే గంటకు 200 మి.లీ. మించి కుండపోతగా పోతుంది. వరుసగా రెండు గంటలు అట్లా పోతే డాక్టరుకు చెప్పండి, సోడియం, పొటాషియం పరీక్షకు పంపాలి. ‘బాగా పోతోంది, మంచిదే’ అని వదిలేసిన పేషెంటు పొద్దునకు షాక్‌లో ఉండొచ్చు.

గొట్టం బాగుంది, మూత్రాశయం ఖాళీ అంటే, తయారే కావడం లేదన్నమాట. మీ పెద్దాయన సంగతి ఎక్కువగా ఇదే అయి ఉంటుంది. ఇప్పుడు మనిషిని చూడండి. చేతులు, పాదాలు చల్లబడ్డాయా? గోరు నొక్కి వదిలితే మూడు సెకన్లు దాటాక గానీ ఎరుపెక్కడం లేదా? పల్స్ 110 దాటిందా? డ్రెయిన్‌లోకి రక్తం వస్తోందా, పొట్ట బిర్రుగా ఉందా, ముక్కు గొట్టంలోంచి ఎంత పోయింది, జ్వరం ఉందా? పేగు ఆపరేషన్ అయినవాళ్లకు బయటికి ఏమీ పోకపోయినా, లీటర్ల కొద్దీ నీరు ఉబ్బిన పేగుల్లోకే చేరిపోతుంది. ఇన్‌టేక్ చార్టు మీద లెక్క సరిపోయినట్టే ఉంటుంది, రక్తనాళాల్లో మాత్రం నీరు ఉండదు.

డాక్టరు వచ్చేలోపు ఆర్డరు లేకుండానే మీ చేతిలో ఉన్న పని చాలా ఉంది. ఆక్సిజన్ శాచురేషన్ చూడటం, 18 సైజు కాన్యులా బాగా పారుతోందో లేదో చూసుకోవడం, ఊపిరితిత్తుల అడుగున కరకర శబ్దం ఉందా అని స్టెత్ పెట్టి వినడం, ఇవన్నీ. ఫ్లూయిడ్ ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం చివరికి ఆ ఊపిరితిత్తుల మీదే ఆధారపడుతుంది. డాక్టరు సాధారణంగా 250 నుంచి 500 మి.లీ. పదిహేను ఇరవై నిమిషాల్లో ఎక్కించి మళ్లీ చూడమంటారు. ఆ ‘మళ్లీ చూడటం’ మీదే: పల్స్ తగ్గిందా, యూరిన్ కదిలిందా, కరకర మొదలైందా?

నడుస్తున్న డ్రిప్‌లో కేసీఎల్ (పొటాషియం క్లోరైడ్) కలిపి ఉందేమో ముందు చూడండి. పేగు ఆపరేషన్ పేషెంట్లకు కలపడం మామూలే. ఒక్క 10 మి.లీ. ఆంపుల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్ల పొటాషియం ఉంటుంది. యూరిన్ ఆగిన మనిషికి అది బయటికి పోయే దారే లేదు. ఆ బాటిల్ ఆపి, ఆపానని డాక్టరుకు ఫోన్‌లో చెప్పండి. ఆ తర్వాత పొద్దున ఇవ్వాల్సిన మందుల షీటు చూడండి. నొప్పికి డైక్లోఫెనాక్, ఆరు గంటలకు అమికాసిన్ యాంటీబయాటిక్, టిఫిన్ ముందు బీపీకి టెల్మిసార్టన్ లేదా ఎనలాప్రిల్, షుగరుకు మెట్‌ఫార్మిన్. ఇవన్నీ రాసిన రోజు సరైనవే, ఈ రాత్రి మాత్రం కాదు. డైక్లోఫెనాక్ కిడ్నీలోకి రక్తం తెచ్చే నాళాన్ని కుదిస్తుంది, అమికాసిన్ బయటికి పోక పేరుకుని కిడ్నీనే దెబ్బతీస్తుంది. ‘ఈ డోసు ఇవ్వాలా, ఆపాలా సార్?’ అని అడగడం నర్సు బాధ్యతలోదే. ఆ ఒక్క ప్రశ్న చాలామందిని డయాలసిస్ నుంచి తప్పిస్తుంది.

యూరిన్ ఎక్కువ పోయేట్టు చేసే లాసిక్స్ ఇంజెక్షన్ గురించి ఒక మాట. ‘యూరిన్ రాలేదు, ఒక లాసిక్స్ పెట్టేద్దాం’ అనేది మన వార్డుల్లో పాతుకుపోయిన అలవాటు. నీరు తగ్గి యూరిన్ ఆగిన మనిషికి లాసిక్స్ ఇస్తే ఉన్న కొంచెం నీరూ పోతుంది. బ్యాగ్ నిండుతుంది, చార్టు అందంగా ఉంటుంది, కిడ్నీ ఇంకా పాడవుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై ఆయాసపడే మనిషికి అదే మంచి మందు. ఏ మనిషో తేల్చుకోకుండా ఇవ్వకూడదు, మీ అంతట మీరు అసలే ఇవ్వకూడదు.

ఫోన్‌లో ఎట్లా చెప్పాలి? ‘సార్, పేషెంటుకు యూరిన్ సరిగ్గా లేదు’ అంటే నిద్రలో ఉన్న డాక్టరు ‘సరే, చూద్దాం’ అనే అంటారు. ఇట్లా చెప్పి చూడండి: ‘సార్, సర్జికల్ వార్డు 7వ బెడ్, నిన్న పేగు ఆపరేషన్ అయిన పేషెంటు, 60 కిలోలు. 12 నుంచి 2 దాకా రెండు గంటల్లో మొత్తం 25 మి.లీ. వచ్చింది. గొట్టం చూశాను, అడ్డు లేదు, మూత్రాశయం ఖాళీ. పల్స్ 118, బీపీ 100/60, చేరినప్పుడు 156. చేతులు చల్లగా ఉన్నాయి, ఊపిరితిత్తులు క్లియర్. కేసీఎల్ ఆపాను. అమికాసిన్ ఆరు గంటలకు ఉంది, ఆపమంటారా? మీరు వచ్చి చూడాలి సార్.’ అర నిమిషం పట్టదు. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఫోన్ చేసిన టైము, చెప్పిన మాట, వచ్చిన ఆర్డరు నోట్స్‌లో రాయండి. అరగంటలో ఎవరూ రాకపోతే ఆ పై వాళ్లకు చేయండి.

రెండో పేషెంటు సంగతికి వద్దాం. మీ సీనియర్ సిస్టర్ మంచి పని చేసింది.

డయాలసిస్ తప్పిన మనిషి కాళ్లు లాగేస్తున్నాయి, సత్తువ లేదు, మగతగా ఉంది అన్నాడంటే, కాదని తేలేదాకా అది రక్తంలో పొటాషియం పెరగడమే. రక్తం తీసి ల్యాబ్‌కు పంపి కూర్చోవద్దు, పది నిమిషాల్లో ఈసీజీ తీయండి. టీ అలలు గుడారం కొనల్లా నిటారుగా లేచాయా, పీ అల చదునుగా అయిందా, క్యూఆర్ఎస్ వెడల్పయిందా? వెడల్పయిందంటే గుండె ఆగడానికి ఎంతో దూరం లేదు. మానిటర్ తగిలించి, డీఫిబ్రిలేటర్ (గుండెకు షాక్ ఇచ్చే యంత్రం) పక్కకు తెచ్చుకోండి. పొటాషియం 6.5 దాటినా, ఈసీజీ మారినా అది ఎమర్జెన్సీ. ఈసీజీ బాగుంది కదా అని రిపోర్టులో వచ్చిన 7ను కొట్టిపారేయడానికీ లేదు, కొందరిలో అది చివరిదాకా మారదు. రక్తం తీసేటప్పుడు టోర్నికే ఎక్కువసేపు బిగించినా, పిడికిలి పదే పదే మూయించినా, సన్న సూదితో గట్టిగా లాగినా కణాల్లోని పొటాషియం శాంపిల్‌లోకి వచ్చి, దొంగగా పెరిగి కనిపిస్తుంది. అనుమానముంటే రెండో శాంపిల్ తీయండి, కానీ దానికోసం చికిత్స ఆపొద్దు.

డాక్టరు ఆర్డరు ఇచ్చేలోపు ట్రేలో సిద్ధంగా ఉండాల్సింది: 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ. ఆంపుళ్లు, రెగ్యులర్ ఇన్సులిన్, డెక్స్‌ట్రోస్, సాల్బుటమాల్ రెస్ప్యూల్స్ (నెబులైజర్‌లో పోసే మందు). కాల్షియం 5 నుంచి 10 నిమిషాలు పట్టేట్టు, మానిటర్ చూస్తూ, మంచి నరంలోకి మెల్లగా ఇవ్వాలి. ఒకటి రెండు నిమిషాల్లో ఈసీజీ మెరుగుపడుతుంది. పడకపోతే మరో డోసు అడగాలి. ఇది పొటాషియంను ఒక్క పాయింటు కూడా తగ్గించదు, గుండెకు కవచం వేస్తుందంతే, అదీ 30 నుంచి 60 నిమిషాలే. అదే లైనులో సోడియం బైకార్బ్ ఇస్తే సున్నంలా గడ్డకడుతుంది, మధ్యలో సెలైన్‌తో లైను కడగాలి. పేషెంటు డిగాక్సిన్ (గుండె మందు) వాడుతుంటే ముందే డాక్టరుకు చెప్పండి.

పొటాషియంను కణాల్లోకి తోసేది ఇన్సులిన్. పది యూనిట్లు, దాంతోపాటు 25 గ్రాముల గ్లూకోజ్. మన దగ్గర దొరికే 25 శాతం డెక్స్‌ట్రోస్ అయితే 100 మి.లీ., 50 శాతమైతే 50 మి.లీ. ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. వయల్ మీద 40 అని ఉందా, 100 అని ఉందా చూడండి. 40 వయల్‌కు ఎర్ర మూత సిరంజి, 100 వయల్‌కు ఆరెంజ్ మూత సిరంజి. 40 వయల్‌లో పది యూనిట్లంటే 0.25 మి.లీ., 100 వయల్‌లో 0.1 మి.లీ. హడావిడిలో సిరంజి తారుమారైతే డోసులో రెండున్నర రెట్ల తేడా వస్తుంది. పైగా కిడ్నీ చెడినవాళ్లలో ఇన్సులిన్ త్వరగా విరగదు, పావుగంటకో అరగంటకో పనిచేయడం మొదలుపెట్టి ఆరు గంటల దాకా షుగర్‌ను పడేస్తూనే ఉంటుంది. మొదటి రెండు గంటలు అరగంటకోసారి, ఆపైన ఆరు గంటల దాకా గంటకోసారి షుగర్ చూడండి. ఇదే పనికిచ్చే సాల్బుటమాల్ నెబులైజేషన్ ఆయాసానికిచ్చే డోసులో చాలదు, 10 మి.గ్రా. కావాలి, అంటే 2.5 మి.గ్రా. రెస్ప్యూల్స్ నాలుగు. గుండెజబ్బు ఉంటే డాక్టరును అడిగే ఇవ్వాలి. పేగుల్లో పొటాషియంను పట్టుకునే కె-బైండ్ పొడి సాచెట్ ఇవ్వడంలో తప్పు లేదు గానీ, గంటల తర్వాత పనిచేసే దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు. ఇట్లాంటి మనిషి ఒంట్లోంచి పొటాషియంను త్వరగా, నమ్మకంగా తీసేసేది డయాలసిస్సే.

సెలైన్ ఎందుకు వద్దంటే, యూరిన్ రాని మనిషికి ఎక్కించిన అరలీటరు ఊపిరితిత్తుల్లోకే చేరుతుంది. డయాలసిస్ తప్పి ఆయాసంతో వచ్చినవాళ్లను పడుకోబెట్టకండి, కాళ్లు కిందికి వేలాడేసి నిటారుగా కూర్చోబెట్టి ఆక్సిజన్ పెట్టండి. ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని సిరకు కలిపి కుట్టిన చోటు) ఉన్న చేతికి బీపీ కఫ్ కట్టొద్దు, సూది గుచ్చొద్దు. ఆ చేతి మీద వేలు పెడితే జుమ్మని అదురు తెలియాలి. అదురు లేకపోతే ఫిస్టులా మూసుకుపోయినట్టే, అదీ వెంటనే చెప్పాలి. ఫిస్టులా నుంచి రక్తం చిమ్ముతుంటే కట్ల మీద కట్లు చుట్టకండి, కింద ఎంత పోతోందో కనబడదు. చిల్లు మీద నేరుగా రెండు వేళ్లతో నొక్కిపట్టి, చెయ్యి ఎత్తి ఉంచి, కేకేసి మనుషుల్ని పిలవండి.

ఏం తిన్నారో, తాగారో కూడా అడగండి. వేసవిలో ‘చలవ చేస్తుంది’ అని ఇంటివాళ్లు ప్రేమగా ఇచ్చే కొబ్బరినీళ్లు, మన జిల్లాలో మామిడి కాలమంతా తాగే తోతాపురి రసం, బీపీకి మంచిదని కొన్న లో సోడియం ఉప్పు, ఇవన్నీ పొటాషియమే.

ఇంకో మూడు సందర్భాలు క్లుప్తంగా. చిత్తూరు చుట్టుపక్కల వేరుశనగ చేలల్లో రక్తపింజరి కరిచినవాళ్లు వస్తారు. దాని విషం రక్తం గడ్డకట్టకుండా చేయడమే కాదు, కిడ్నీలనూ దెబ్బతీస్తుంది. సబ్బు తగలని, పొడిగా ఉన్న గాజు టెస్ట్‌ట్యూబులో 2 మి.లీ. రక్తం వేసి, ఇరవై నిమిషాలు కదిలించకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూడండి. ప్లాస్టిక్ ట్యూబ్ అయితే పరీక్ష తప్పు చెబుతుంది. గడ్డకట్టకపోతే యాంటీవెనమ్ అవసరం ఉన్నట్టే. వీళ్లకు కండలోకి ఇంజెక్షన్లు ఇవ్వకూడదు, యూరిన్ రంగు, కొలత గంట గంటకు రాయాలి. కోలా రంగులోకి మారితే వెంటనే చెప్పాలి.

రెండోది, రాయి ఉండి, చలిజ్వరం వచ్చి, నడుము పక్కన నొప్పితో వచ్చిన మనిషి. రాయి కిడ్నీ నుంచి దిగే నాళంలో అడ్డుపడి, వెనకాల చీము నిలిచి ఉండొచ్చు. మూత్రాశయానికి గొట్టం వేస్తే ఆ అడ్డు పోదు. కల్చర్లు తీసి, గంటలోపు యాంటీబయాటిక్ పడేట్టు చూడాలి, స్టెంటో గొట్టమో వేసే యూరాలజిస్ట్ దగ్గరికి ఆ రాత్రే పంపాలి. మందులతో చూద్దాం అని తెల్లారేదాకా ఉంచుకునే కేసు కాదిది. గొట్టం ఉన్న పేషెంటుకు కల్చర్ శాంపిల్ బ్యాగ్‌లోంచి పట్టకండి, గొట్టానికున్న శాంపిల్ పోర్టును స్పిరిట్‌తో తుడిచి సిరంజితో తీయండి.

మూడోది కాన్పుల వార్డు. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ నడుస్తున్న తల్లికి యూరిన్ గంటకు 30 మి.లీ. కంటే తగ్గినా, మోకాలి రిఫ్లెక్స్ పోయినా, శ్వాస నిమిషానికి 16 కంటే తగ్గినా తర్వాతి డోసు ఇవ్వకుండా ఆపి ఫోన్ చేయాలి. దాని విరుగుడు కూడా కాల్షియం గ్లూకోనేటే, మంచం పక్కనే ఉండాలి.

చివరిగా, పేషెంటును పెద్దాసుపత్రికి పంపేటప్పుడు. చిత్తూరు నుంచి వేలూరు దాదాపు 35 కిలోమీటర్లు, తిరుపతి 70 కిలోమీటర్లు. వేలూరు సీఎంసీ అయినా, తిరుపతి స్విమ్స్ అయినా, రుయా అయినా బయలుదేరే ముందే ఫోన్ చేసి ఎమర్జెన్సీ డయాలసిస్‌కు మంచం ఉందో లేదో కనుక్కోమని డాక్టరుకు గుర్తుచేయండి. ఒక గేటు నుంచి ఇంకో గేటుకు తిరిగే టైములో పొటాషియం ఆగదు. మీరిచ్చిన కాల్షియం పని అరగంట నుంచి గంటలోపే అయిపోతుంది, దారిలోనే అయిపోవచ్చు. కాబట్టి రెండో డోసు ఎప్పుడు ఇవ్వాలో డాక్టరుతో రాయించి, ఆంపుల్, సిరంజి అంబులెన్సులో పెట్టించండి. ఇన్సులిన్ పడిన మనిషితో గ్లూకోమీటర్, డెక్స్‌ట్రోస్ కూడా పోవాలి. మానిటర్ లేని బండిలో పంపొద్దు. రెఫరల్ కాగితం మీద చివరి డయాలసిస్ ఎప్పుడు జరిగింది, డ్రై వెయిట్ (అదనపు నీరు తీసేశాక ఉండాల్సిన బరువు) ఎంత, ఫిస్టులా ఏ చేతికి ఉంది, ఏ మందు ఎన్ని గంటలకు ఎంత ఇచ్చారు, గంట గంట యూరిన్ ఎంత, ఇవన్నీ రాసి, ముందు తీసిన ఈసీజీ, కాల్షియం తర్వాత తీసిన ఈసీజీ రెండూ పిన్ను కొట్టి ఇవ్వండి.